విదేశీ ఒప్పందాల్లో మా పొలాలకూ ఒక కుర్చీ వేయండి

గుంటూరు పార్లమెంటు సభ్యులు, కేంద్ర గ్రామీణాభివృద్ధి, కమ్యూనికేషన్ల శాఖల సహాయ మంత్రి
డాక్టర్ పెమ్మసాని చంద్రశేఖర్ గారికి,



తెనాలి మండలం కొలకలూరు నుంచి రాస్తున్నాను. మీ బుర్రిపాలెం, మా కొలకలూరు ఒకే మండలం. రెండూళ్ల చేలకూ కృష్ణా పశ్చిమ డెల్టా కాలువల నీళ్లే ఆధారం. మీరు ఈ నేలలో పుట్టి, వైద్యం చదివి అమెరికా వెళ్లారు. అక్కడి వైద్య పరీక్షలకు సిద్ధమయ్యే విద్యార్థుల కోసం యూవరల్డ్ సంస్థను నిలబెట్టారు. 2024లో మా ఓట్లతో ఢిల్లీ చేరారు. పరాయి దేశంలో ఒక ఆలోచనను సంస్థగా మలచడం ఎలాగో, పల్లెటూళ్లో నీళ్ల వంతు కోసం రాత్రిళ్లు ఎదురుచూడడం ఎలా ఉంటుందో రెండూ తెలిసిన మంత్రులు ఎక్కువమంది ఉండరు. అందుకే ఈ ఉత్తరం మీకు, నలుగురూ చదివేలా రాస్తున్నాను.

మన ప్రాంతానికి ఇప్పుడు దేశాంతర ఒప్పందాల కాలం వచ్చింది. అమరావతిలో ఐబీఎం, టీసీఎస్‌లతో క్వాంటం వ్యాలీ తలపెట్టారు. విశాఖలో డేటా సెంటర్ కోసం 2025 అక్టోబరులో గూగుల్‌తో ఒప్పందం కుదిరింది. అదే ఏడాది ఆగస్టులో మంగళగిరిలో రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ తలుపులు తెరిచింది. మా ఊరి పిల్లలు వీటి గురించి ఆశగా మాట్లాడుకుంటున్నారు, నాకూ సంతోషంగా ఉంది. నా మనవి ఒక్కటే. విజ్ఞానంలో, వ్యాపారంలో ఇతర దేశాలతో మనం కలుపుకునే ప్రతి సంబంధంలో ఇక్కడి చేను, చెరువు, మార్కెట్ యార్డు భాగస్తులుగా కూర్చోవాలి. అడగాల్సిన ప్రశ్న ఊరి నుంచి వెళ్లాలి, దొరికిన జవాబు ఊరికి చేరాలి. అలా జరిగినప్పుడు ఎంత మేలు జరిగిందో, జరగనప్పుడు ఎంత నష్టపోయామో చూపించే ఉదాహరణలు మన చుట్టూనే ఉన్నాయి.

మనం రోజూ తినే అన్నంతోనే మొదలుపెడతాను. బాపట్ల వరి పరిశోధన కేంద్రంలో రూపుదిద్దుకుని 1986లో విడుదలైన బీపీటీ 5204, అదే మన సాంబ మసూరి. దాని వంశం చూడండి. కోయంబత్తూరులో ఎంపికైన జీఈబీ 24, తైవాన్ నుంచి వచ్చిన పొట్టి రకం తైచుంగ్ నేటివ్ 1, మలేసియా నుంచి వచ్చిన మసూరి కలిస్తే అది పుట్టింది. ఆ మసూరి పుట్టుక కూడా రెండు దేశాల కలయికే. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఆసియా అంతటా తిండిగింజలకు కరువొచ్చినప్పుడు, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ కటక్ కేంద్రంగా వివిధ దేశాల వరి రకాలను సంకరం చేసే పథకం నడిపింది. తైవాన్‌కు చెందిన తైచుంగ్ 65ను, మలేసియాకు చెందిన మయాంగ్ ఎబోస్ 80ను కలిపితే మసూరి తయారైంది. ఆ గింజ మన డెల్టాకు చేరింది, బాపట్ల శాస్త్రవేత్తల చేతిలో సాంబ మసూరి వంశంలో కలిసింది. మనం ఊరి బియ్యం అని గర్వంగా చెప్పుకునే బీపీటీలో మూడు దేశాల రక్తం ఉంది.

ఈ కథ అక్కడితో ఆగలేదు. బీపీటీకి బాక్టీరియా ఎండాకు తెగులు పెద్ద బెడద. వానలు, గాలులు ముసురుకున్న ఏడాది ఆకులు అంచుల నుంచి ఎండిపోయి, గింజ తాలుపోయేది. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర ప్రయోగశాల సీసీఎంబీ, వరి పరిశోధన సంస్థ కలిసి ఆ తెగులును తట్టుకునే మూడు జన్యువులను సాంబ మసూరిలోకి తెచ్చాయి. మెరుగుపరిచిన ఆ రకం 2008లో విడుదలైంది. ఆ మూడింటిలో ఎక్స్‌ఏ21 అనే జన్యువు ఆఫ్రికాలోని మాలి దేశపు అడవి వరిది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ దాన్ని సాగు వరిలోకి చేర్చింది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పమేలా రోనాల్డ్ బృందం 1995లో ఆ జన్యువును విడదీసి చూపించింది. మాలి చిత్తడినేలలో పెరిగిన ఒక గడ్డిమొక్క, మనీలా దగ్గరి ప్రయోగ మడులు, అమెరికాలోని ప్రయోగశాల, హైదరాబాద్ శాస్త్రవేత్తలు ఒక దారిలో నిలబడితే బాపట్ల వరికి రక్షణ దొరికింది.

ఇక్కడ అందుకునే చేయి గురించీ చెప్పుకోవాలి. అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 1966లో ఐఆర్8 విడుదల చేసినప్పుడు, పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటలో నెక్కంటి సుబ్బారావు గారనే రైతు దాన్ని 1967లో తన పొలంలో పండించి, ఆ విత్తనాన్ని ఎందరికో చేర్చారు. విదేశీ శాస్త్రవేత్తలు ఆయన చేనుకొచ్చి చూశారు. ఆయనను ప్రయోగంలో పాలుపంచుకున్న మనిషిగా గౌరవించారు. విత్తనం ఎంత మంచిదైనా, నమ్మి మడిలో వేసి, లోపం చెప్పి, లాభం చూపే రైతు లేకపోతే అది సంచిలోనే ఉండిపోతుంది.

సైన్సు సంబంధం పల్లెదాకా రావాలంటే ఎలాంటి మనిషి కావాలో మన తెనాలి ప్రాంతమే దేశానికి చూపించింది. డాక్టర్ యలవర్తి నాయుడమ్మ గారు 1922లో తెనాలికి దగ్గరి యలవర్రులో రైతు కుటుంబంలో పుట్టారు. తోళ్ల శాస్త్రం నేర్చుకోవడానికి ఇంగ్లండులోని నార్తాంప్టన్, అమెరికాలోని లీహై విశ్వవిద్యాలయం దాకా వెళ్లారు. తిరిగొచ్చి మద్రాసులోని కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థలో పనిచేశారు, 1958లో దానికి డైరెక్టరయ్యారు. సమాజం తక్కువగా చూసిన పనిని, ఆ పని చేసేవాళ్లను ఆయన ప్రయోగశాల గడపలోకి తీసుకొచ్చారు. శాస్త్రవేత్తల్ని తోళ్లు ఊనే వాళ్ల దగ్గరికి పంపించారు. పచ్చి తోళ్లు, సగం శుద్ధిచేసిన తోళ్లు అమ్ముకునే దేశం పూర్తిస్థాయి తోలు, చెప్పులు అమ్మే దేశంగా మారిందంటే ఆ సంస్థ పాత్ర చాలా ఉంది. 1971 నుంచి 1977 వరకు దేశ శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి సీఎస్‌ఐఆర్ డైరెక్టర్ జనరల్‌గా ఉన్నప్పుడు కరీంనగర్ జిల్లాను ఎంచుకుని, అక్కడి అవసరాలకు దేశంలోని ప్రయోగశాలల్ని జోడించే ప్రాజెక్టు నడిపించారు. తర్వాత ఎన్నో దేశాలకు సలహాదారుగా వెళ్లారు. 1985 జూన్ 23న కెనడా నుంచి వస్తుండగా ఎయిరిండియా కనిష్క విమాన విధ్వంసంలో ఆయన్ను పోగొట్టుకున్నాం.

ఆయన జీవితంలో నాకు కనిపించే పాఠం ఇది. ఆయన విదేశాల నుంచి డిగ్రీతో పాటు పద్ధతి తెచ్చారు. ఆ పద్ధతిని తోళ్లు ఊనేవాడి తొట్టి దగ్గర పరీక్షించారు. అక్కడ నేర్చుకున్నదాన్ని మళ్లీ ప్రపంచానికి ఇచ్చారు. తెచ్చుకోవడం, పరీక్షించుకోవడం, తిరిగి ఇవ్వడం మూడూ జరిగినప్పుడే దేశాల మధ్య సైన్సు సంబంధం నిలబడుతుంది. మూడింటిలో ఏది తగ్గినా మనం కొనుక్కునేవాళ్లుగానో, అమ్ముడుపోయేవాళ్లుగానో మిగులుతాం.

అలా మిగిలిపోయిన చోటు చూడాలంటే రేపల్లె, నిజాంపట్నం వైపు వెళ్లాలి. అక్కడి చెరువుల్లో పెరిగే వెనామీ రొయ్య పసిఫిక్ తీరపు అమెరికా ఖండాల జాతి. మన దేశం దాన్ని పెంచడానికి 2009లో అనుమతించింది. రోగాల్లేని తల్లి రొయ్యల్ని తయారుచేసే విద్య హవాయి దీవుల పరిశోధకులు సాధించారు. ఇవాళ్టికీ హేచరీలకు తల్లి రొయ్యలు ప్రధానంగా విమానాల్లో దిగుమతై, చెన్నైలోని క్వారంటైన్ కేంద్రం దాటి వస్తాయి. అలా పుట్టిన సీడు మన చెరువుల్లో పెరిగి, మంచుగడ్డల మధ్య ప్యాకై, పెద్ద వాటా అమెరికాకే వెళ్తూ వచ్చింది. తల్లి అక్కడిది, కొనేవాడు అక్కడివాడు. నడుమ అప్పు, కరెంటు బిల్లు, మేత ఖర్చు, తెల్లమచ్చ వైరస్ భయం, గ్రోత్ ఆపేసే ఈహెచ్‌పీ బెంగ మాత్రం మన రైతువి. 2025 ఆగస్టులో అమెరికా భారతదేశపు సరుకుల మీద 50 శాతం సుంకం వేసినప్పుడు, ఆ నిర్ణయంలో ఏ వంతూ లేని రేపల్లె రైతు చెరువు గట్టు మీద కిలోకు తూగే రొయ్యల లెక్కను బట్టి పలికే కౌంటు ధర కోసం గుండె చేత్తో పట్టుకుని నిలబడాల్సి వచ్చింది.

ఆక్వా రైతు కష్టజీవి. నేర్చుకోవడంలో కూడా ముందుంటాడు. నీటి ఉప్పదనం, ప్రాణవాయువు, పీహెచ్ కొలిచి రాసిపెట్టుకుంటాడు. అతని చేతిలో లేనిది జాతిని మెరుగుపరిచే విజ్ఞానం. చెన్నైలోని ఉప్పునీటి ఆక్వా పరిశోధన సంస్థ సీబా మన తీరపు తెల్ల రొయ్యను సాగుకు తేవడానికి పనిచేస్తోంది. అలాంటి కృషికి విదేశీ ప్రజనన నిపుణుల సాయం, నిలకడైన నిధులు, మన తీరంలో ప్రయోగ చెరువులు కలిస్తే పదేళ్లలో పరిస్థితి మారుతుంది. ఎగుమతి అంకెల్ని చూసి మురిసిపోవడం కన్నా ఆ పని చేయడం అవసరం.

మా పక్కనున్న దుగ్గిరాలకు వద్దాం. కొలకలూరులో రైలెక్కి విజయవాడ వైపు వెళ్తే వచ్చే తర్వాతి స్టేషనే దుగ్గిరాల. పసుపు మార్కెట్‌గా దాని పేరు దేశమంతా తెలుసు. 1995లో అమెరికా పేటెంట్ కార్యాలయం గాయాలు మాన్పడానికి పసుపు వాడడం మీద మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి పేటెంట్ ఇచ్చింది. మన ఇళ్లలో తెగిన వేలికి అమ్మలు అద్దే పసుపు అది. సీఎస్‌ఐఆర్ పాత గ్రంథాల్ని, ముద్రిత ఆధారాల్ని ముందుపెట్టి పోరాడింది. 1997లో ఆ పేటెంట్ రద్దయింది. మన దగ్గర రాతలో ఉన్న జ్ఞానం మనల్ని కాపాడింది. రాతలో లేనిది ఎవరి పేరున నమోదైనా చెప్పుకునే దిక్కుండదు.

పసుపు విషయంలోనే మంచి సంబంధం ఎలా ఉంటుందో బంగ్లాదేశ్ చూపించింది. అక్కడ గర్భిణుల రక్తంలో సీసం ఎందుకు ఎక్కువగా ఉందో తెలుసుకోవడానికి అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం, ఢాకాలోని పరిశోధన సంస్థ కలిసి వెతికాయి. పసుపు కొమ్ములకు నిగనిగలాడే రంగు రావడానికి కలిపే లెడ్ క్రోమేట్ కారణమని 2019లో తేల్చాయి. ఆ ఫలితాన్ని జర్నల్లో అచ్చేసి చేతులు దులుపుకోలేదు. ప్రభుత్వాధికారులతో కలిసి బజారులో చేతిలో పట్టుకునే యంత్రాలతో పరీక్షలు చేశారు, కల్తీ చేసినవాళ్లకు జరిమానాలు పడ్డాయి, వ్యాపారులకు ప్రమాదం అర్థమయ్యేలా చెప్పారు. 2019లో దాదాపు సగం నమూనాల్లో కనిపించిన ఆ కల్తీ 2021 నాటికి మార్కెట్ నమూనాల్లో కనిపించకుండా పోయింది. ప్రశ్న బజారులో మొదలైంది, విజ్ఞానం రెండు దేశాలది, జవాబు మళ్లీ బజారుకే చేరింది. దుగ్గిరాల యార్డులో కమీషన్ కొట్ల మధ్య అలాంటి యంత్రం ఒకటి, నిజాయితీగా నడిపే పరీక్షశాల ఒకటి ఉంటే, శుభ్రంగా పండించి ఉడకబెట్టి ఎండబెట్టిన రైతు దాన్ని చూపించి మంచి ధర అడగగలడు.

వ్యాపార దక్షత సంగతి మీకు నేను చెప్పాల్సిన పని లేదు. అయినా శాంతా బయోటెక్నిక్స్ కథను గుర్తుచేయాలనిపిస్తోంది. నెల్లూరు జిల్లా పల్లెలో పుట్టిన ఇంజనీరు వరప్రసాద్ రెడ్డి గారు హెపటైటిస్ బి కామెర్ల టీకాను దేశంలోనే తయారుచేయాలని 1993లో హైదరాబాద్‌లో ఆ సంస్థ పెట్టారు. విదేశీ కంపెనీ సాంకేతికత ఇవ్వడానికి ఒప్పుకోలేదు. ఇక్కడ పెట్టుబడి పుట్టలేదు. చివరికి అరబ్బు దేశం ఒమన్ నుంచి అప్పటి విదేశాంగ మంత్రి యూసుఫ్ బిన్ అలావీ చేయందించారు. పరిశోధనకు హైదరాబాద్‌లోని విద్యాసంస్థలు, ప్రయోగశాలలు చోటిచ్చాయి. 1997లో టీకా వచ్చింది. దిగుమతి టీకా వందల రూపాయలు పలికే రోజుల్లో అది 50 రూపాయలకు అందింది. డబ్బు గల్ఫ్‌ది, బుర్ర మనది, ప్రయోజనం పేదల పిల్లలది. సరైన చోట తలుపు తట్టిన ఒక మనిషికి ఇంత దారి దొరికితే, ప్రభుత్వం వెనక నిలిచి వందమంది చేత తట్టిస్తే ఎంత దారి దొరుకుతుందో ఆలోచించండి.

ఇప్పుడు మన ముందున్న అసలు పరీక్షకు వస్తాను. 2025 మే నెలలో కేంద్ర వ్యవసాయ శాఖ జన్యు సవరణ చేసిన రెండు వరి రకాలను ప్రకటించింది. అందులో ఒకటి డీఆర్‌ఆర్ ధాన్ 100, కమల. హైదరాబాద్‌లోని వరి పరిశోధన సంస్థ దాన్ని మన బాపట్ల సాంబ మసూరి నుంచే తయారుచేసింది. దిగుబడి పెరుగుతుందని, 20 రోజులు ముందే కోతకొస్తుందని ఆ శాస్త్రవేత్తలు చెబుతున్నారు. ఆ 20 రోజుల విలువ మా డెల్టాకు బాగా తెలుసు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. కోతకు సిద్ధమైన చేలు నేలకొరిగాయి. కోసి పరిచిన పనలు నీళ్లలో మునిగి మొలకెత్తాయి. తర్వాత వేయాల్సిన మినుము, మొక్కజొన్న అదను తప్పాయి. బీపీటీ దాదాపు ఐదు నెలల పంట. అది నవంబరులోనే ఇల్లు చేరితే తుపానుకు చేలో చిక్కే ధాన్యం తగ్గుతుంది.

అయితే ఈ రకం మీద ప్రశ్నలున్నాయి. ప్రయోగ ఫలితాలు ప్రజల ముందు పూర్తిగా పెట్టాలని అడిగేవాళ్లున్నారు. ఆ కోరిక న్యాయమైనది. అంతకన్నా లోతైన ప్రశ్న ఇంకొకటుంది. ఈ సవరణకు వాడిన క్రిస్పర్ పద్ధతికి ఎమాన్యుయెల్ షార్పెంటియే, జెనిఫర్ డౌడ్నా 2020లో నోబెల్ అందుకున్నారు. దాని ప్రధాన పేటెంట్లు విదేశీ విశ్వవిద్యాలయాల, కంపెనీల చేతుల్లో ఉన్నాయి. బాపట్లలో పుట్టిన విత్తనాన్ని ఆ పరికరంతో సవరించాక, అది రైతు చేతికి ఏ ధరకు, ఏ షరతులతో వస్తుంది? తన పంట నుంచి విత్తనం దాచుకునే హక్కు 2001 నాటి రైతు హక్కుల చట్టం మనకిచ్చింది. లైసెన్సు మాట్లాడుకునే బల్ల దగ్గర ఆ హక్కు తరఫున మాట్లాడేవాడెవడు? ఆ కుర్చీయే నేను అడుగుతున్నది.

మంత్రిగారూ, మీ చేతుల మీదుగా జరగగలిగిన నాలుగు పనులు అడుగుతాను.

మొదటిది. విదేశాల్లోని భారత సంతతి శాస్త్రవేత్తలు ఏటా ఒకటి రెండు నెలలు ఇక్కడి సంస్థల్లో పనిచేసేలా కేంద్రం వైభవ్ ఫెలోషిప్ నడుపుతోంది. అలాంటివాళ్లను గుంటూరు దగ్గర లాంలోని ఆచార్య ఎన్‌జీ రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయానికి, బాపట్లకు రప్పించండి. బాపట్ల వ్యవసాయ కళాశాల 1945 నాటిది. దాని చుట్టూ వ్యవసాయ ఇంజనీరింగ్, ఆహార సాంకేతికత కళాశాలలు, పంటకోత అనంతర పరిశోధన కేంద్రం ఉన్నాయి. అక్కడ చదివి అమెరికా, ఆస్ట్రేలియాల్లో స్థిరపడ్డవాళ్లు ఎందరో. గుంటూరు వైద్య కళాశాల పూర్వ విద్యార్థులు అమెరికా నుంచి గుంటూరు ప్రభుత్వాసుపత్రికి భవనాలు కట్టించిన తీరు మీకు తెలుసు. వ్యవసాయ పట్టభద్రులూ అదే ప్రేమతో వస్తారు. పిలవాల్సిన గొంతు మీలాంటిది కావాలి. వచ్చినవాళ్లు అతిథి ఉపన్యాసం ఇచ్చి వెళ్లకుండా ఒక పంటకాలం ప్రశ్నను భుజానికెత్తుకునేలా ఏర్పాటుండాలి.

రెండోది. మంగళగిరి ఇన్నోవేషన్ హబ్‌కు తెనాలిలో గాని బాపట్లలో గాని పంటలకు, చెరువులకు ప్రత్యేక కేంద్రం పెట్టించండి. అందులో మొదటి పని రైతుల ప్రశ్నల్ని తెలుగులో నమోదు చేసుకోవడం. మినుములో పల్లాకు తెగులు, చెరువులో ఈహెచ్‌పీ, నూర్చిన ధాన్యంలో తేమ, పసుపు ఉడకబెట్టే ఖర్చు లాంటివి ఆ పుస్తకంలో చేరాలి. ఇక్కడి యువతీయువకులు ఒక్కో ప్రశ్నను పట్టుకుని, దాని మీద పనిచేస్తున్న తైవాన్, ఫిలిప్పీన్స్, నార్వే, నెదర్లాండ్స్ సంస్థల్లో జోడీ వెతుక్కునే వీలు కల్పించాలి. ఉద్యోగం కోసం విమానమెక్కే పిల్లలకు, ఊరి సమస్య పరిష్కారం కోసం విమానమెక్కి తిరిగొచ్చే దారి కూడా కనిపించాలి.

మూడోది. దుగ్గిరాల యార్డులో పసుపుకు, నిజాంపట్నం దగ్గర రొయ్యకు అంతర్జాతీయ గుర్తింపున్న పరీక్షశాలలు కావాలి. ఫలితం కాగితం ఎగుమతిదారుతో పాటు రైతు చేతికీ రావాలి. సరుకు నాణ్యత రుజువైతే ఒక దేశం సుంకం పెంచినా ఇంకో దేశం తలుపు తట్టే బలం మనకుంటుంది.

నాలుగోది. మన విత్తనాలు, జీవజాతులు, సంప్రదాయ జ్ఞానం ముడిపడిన ఏ విదేశీ ఒప్పందమైనా సంతకానికి ముందు దాని ముఖ్యమైన షరతులు తెలుగులో బయటపెట్టించండి. 2002 నాటి జీవవైవిధ్య చట్టం లాభంలో స్థానికులకు వాటా ఉండాలంటుంది. ఆ వాటా ఎంతో, ఎవరికి చేరుతుందో గ్రామసభలో చదివి వినిపించాలి. కమల లాంటి రకాల విషయంలో లైసెన్సు షరతుల మీద పార్లమెంటులో తోటి సభ్యుల ద్వారా ప్రశ్న వచ్చేలా చూడండి.

దేశాలతో స్నేహం వద్దనేవాణ్ణి కాను. తైవాన్, మలేసియా కలవకపోతే మా బీపీటీయే లేదు, మాలి కలవకపోతే దానికి తెగులు నుంచి ఆ రక్షణే లేదు. కోరుతున్నదల్లా ఆ స్నేహంలో మాకూ మాట ఉండాలని, మా నేల ఇచ్చినదానికి లెక్క ఉండాలని. యలవర్రు నుంచి లీహై దాకా వెళ్లి, తిరిగొచ్చి, తోళ్లు ఊనేవాడి పక్కన నిలబడ్డ నాయుడమ్మ గారి దారి మన దగ్గరే ఉంది. బుర్రిపాలెం నుంచి అమెరికా వెళ్లి తిరిగొచ్చిన మీరు ఆ దారిని నలుగురు నడిచే రహదారి చేయగలరు.

మా వంతు మేం చేస్తాం. ప్రయోగ మడులకు నా చేలో చోటిస్తాను. నాతోపాటు ముందుకొచ్చే రైతుల్ని కూడగడతాను. వేసిన విత్తనం, పెట్టిన ఖర్చు, వచ్చిన బస్తాలు ఉన్నదున్నట్టు రాసి ఇస్తాం. పంట బాగుంటే బాగుందని, పోతే పోయిందని చెబుతాం. మీరు ఈ నాలుగు పనులకు నాలుగు తేదీలు చెప్పండి. వచ్చే సార్వా నారుమళ్లు పోసేలోగా లాంలో గాని బాపట్లలో గాని శాస్త్రవేత్తల్ని, రైతుల్ని, పరిశ్రమవాళ్లను ఒకచోట కూర్చోబెట్టి మొదటి సమావేశం జరిపించండి. మీ జవాబు కోసం కొలకలూరు ఎదురుచూస్తుంటుంది.

గౌరవాభిమానాలతో,
కొలకలూరు నుంచి ఒక వరి రైతు,
తెనాలి మండలం, గుంటూరు జిల్లా